జేజినాయన కట్టిన రూపాయలు

తమ్ముడు: జేజినాయన కట్టిన ఈ పొట్లాన్ని విప్పకుండా పెట్టడానికి ఒక్క కారణం చెప్పక్కా. ట్రంకుపెట్టెలోంచి తీశాం, కంసాలి దగ్గర తూకం వేయించాం, ఇంట్లో ఉన్నవాళ్లందరం చేతిలో పట్టుకుని చూశాం. లోపల రూపాయి బిళ్లలున్నాయని తెలిసిపోయింది. ఒక కొసన కాగితం అరిగి రాజు మొహం బయటికే కనిపిస్తోంది. ఇంకా దాచిపెట్టేదేముంది?

అక్క: చాలా ఉంది. రాజు మొహం కనిపిస్తోంది సరే, ఏ సంవత్సరపు రూపాయో కనిపిస్తోందా? ఆరో జార్జి రూపాయికి తల ఉన్న వైపు ఆయన పేరు, బిరుదు తప్ప ఇంకేమీ ఉండవు. ఏడాది వెనకవైపు వేశారు. ఆ వెనకవైపేమో పక్క బిళ్లకు ఆనుకుని ఉంది. రెండో కొసను మడిచి లక్క పెట్టి మూశారు. అంటే నువ్వు చూసింది ఒకే ఒక్క బిళ్ల, అదీ ఒక పక్క. మిగిలిన ఇరవైనాలుగూ నీ ఊహ.

తమ్ముడు: ఇరవైనాలుగని నువ్వూ ఊహించే చెప్తున్నావు కదా.

అక్క: కాదురా, తూకం చెప్పింది. కాగితం, లక్క పోను దగ్గర దగ్గర 25 తులాలు తూగింది. తులమంటేనే రూపాయి ఎత్తు. 180 గ్రెయిన్లు, ఇప్పటి లెక్కకు 11.66 గ్రాములు. కాగితం మీద పెన్సిలుతో వేసిన 25 అంకె దానికి సరిపోయింది. ఆ అంకె పక్కన ఇంకో అక్షరముంది చూడు, సగం చెరిగిపోయి. ‘ర’ అనుకుంటే ర, ‘ఠ’ అనుకుంటే ఠ.

తమ్ముడు: నా వాదన ఆ తూకం దగ్గరే మొదలవుతుంది. త్రాసు లెక్క చెప్పింది గానీ వెండి సంగతి చెప్పలేదు. 1940కి ముందు కొట్టిన రూపాయిలో వందకు 91.7 పాళ్లు వెండి. యుద్ధమొచ్చాక 1940లో దాన్ని సగానికి దించారు. తక్కిన సగం రాగి, నికెల్, జింకు. బరువు మాత్రం మార్చలేదు, అదే 11.66 గ్రాములు. కాబట్టి పొట్లంలో ఉన్నవన్నీ పాతవైతే 267 గ్రాముల వెండి, అన్నీ తర్వాతివైతే 146 గ్రాములు. ఇంత తేడా ఉన్నా త్రాసు పట్టుకోలేదు. విప్పి అంచు చూస్తే చాలు. పాతవాటికి అంచంతా నిలువు గీతలే. సగం వెండివాటికి అంచు మధ్యలో గాడి తీసి అందులో సన్నని నగిషీ పెట్టారు, దొంగనాణేలు పోతపోయకుండా. గోరుతో తడిమితే తెలుస్తుంది.

అక్క: తెలుసుకుని ఏం చేస్తావు?

తమ్ముడు: తెలుసుకోవడానికి కూడా ఏదో ఒకటి చేయాలా? బండల పనిలో ఇన్నేళ్లున్నా. గనిలో బండ పొర చీల్చేదాకా లోపల పసుపు రంగు వస్తుందో నలుపు వస్తుందో, మధ్యలో చీలిక ఉందో లేదో ఎంత పెద్ద మేస్త్రీ అయినా చెప్పలేడు. బేతంచెర్లలో పుట్టినోణ్ని, చీల్చకుండా పక్కన పెట్టడం నాకు చేతకాదు. పైగా దాచుకోవడం దేనికి, నా మనసులో 1939 ఉంది.

అక్క: ఆ మాట ఎప్పుడొస్తుందా అని చూస్తున్నా.

తమ్ముడు: వస్తే తప్పేంటి? నాణేలు తెలిసినవాళ్లు ఎవరినైనా అడుగు. ఆరో జార్జి రూపాయల్లో 1939 నాటిది దొరకడమే అరుదు. ఆ ఏడాది ముద్రతో పాత వెండిలో కొట్టినవి చాలా తక్కువ. వెంటనే వెండి పాలు మార్చేశారు. పాత వెండి రూపాయలను వెనక్కి తీసుకుని కరిగించారు. మన పొట్లం కొసన ఉన్నది ఆరో జార్జి. అంటే 1938గానీ ఆ తర్వాతదిగానీ. ఆ ఒక్క బిళ్ల వెనక ఏముందో చూడాలని ఎవరికుండదు?

అక్క: చూడాలని నాకూ ఉంది. లేదంటే అబద్ధం. కానీ ఆ 1939 పేరు మీద ఎంత మోసం జరుగుతోందో నీకు తెలుసు. 1938లోని చివరి 8ని గీకి 9 చేసి అమ్ముతారు. పాత అయిదు రూపాయల బిళ్ల ఇస్తే లక్షలిస్తామని, వైష్ణోదేవి బొమ్మ ఉన్నదానికి ఇంతిస్తామని ఫోన్లకు వచ్చే సందేశాలు నమ్మి డబ్బులు కట్టినవాళ్లు ఉన్నారు. చివరికి 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే ప్రకటన ఇచ్చుకోవాల్సి వచ్చింది: మేం పాత నోట్లు, నాణేలు కొనం, అమ్మం, మా పేరు చెప్పి రుసుము అడిగితే ఇవ్వకండి అని. అమెరికాలో ఇంకో తీరు. ఎవరూ వెతకని పాత నాణేల చుట్టలంటూ అమ్ముతారు. కొసన మంచి నాణెం ఒకటి కనిపించేట్టు పెడతారు. కొన్నవాడు లోపల కూడా అలాంటివే ఉంటాయనుకుంటాడు. కొన్నది ఆశ. మన పొట్లం కొసన రాజు మొహం చూసి నువ్వు చేస్తున్నది కూడా అంతే.

తమ్ముడు: ఆ పోలిక నాకు అంటదు. వాళ్లు అమ్మేది ఎవరో కావాలని పేర్చింది. మనది జేజినాయన కట్టింది, కొసన ఏది పడితే బేరం బాగుంటుందని ఆయన చూడలేదు. నిజానికి నువ్వు చెప్పిన మోసమే విప్పమంటోంది. విప్పని పొట్లాన్ని విప్పని పొట్లంగానే అమ్మితే ఆశకు వెల కట్టినట్టు. విప్పి, ఉన్నది ఉన్నట్టు చూపిస్తేనే నిజాయితీ.

అక్క: అది సరైన మాటే. ఒప్పుకుంటా. విప్పకుండా ఎవరికీ అమ్మకూడదు. కానీ నేను అమ్మకం గురించి మాట్లాడ్డం లేదు. నా చేతిలో ఉన్న ఈ పొట్లం ఒక మనిషి చేసిన పని. వార్తాపత్రిక చించాడు, బిళ్లలు ఒకదాని మీద ఒకటి పేర్చాడు, చుట్టాడు, పురికొస వేశాడు, లక్క కరిగించి ఒక కొస మూశాడు, అంకె వేశాడు. మొదట ఏది పెట్టాడు, చివర ఏది పెట్టాడు? కొత్తవి ఒక వైపు, పాతవి ఒక వైపు పెట్టాడా? లేక చేతికొచ్చినట్టు వేశాడా? ఇవన్నీ ఆ వరుసలో ఉన్నాయి. నువ్వు పురికొస లాగి ఒళ్లో గుమ్మరించావంటే వెండి మిగులుతుంది, వరుస పోతుంది. మళ్లీ కట్టగలవు, ఆయన కట్టినట్టు కట్టలేవు.

తమ్ముడు: వరుస పోకుండా విప్పొచ్చు. ఒక్కొక్కటే తీసి ఫొటో తీసి, నంబరు వేసిన చిన్న కవర్లో పెడతా. వీడియో కూడా తీస్తా. రేపు అందులో 1939 ఉంటే ఆ వీడియోనే సాక్ష్యం. గీకిన 8 కాదు, పొట్లంలోంచి వచ్చిందే అని.

అక్క: కాగితాన్నేం చేస్తావు? ఎనభై ఏళ్ల వార్తాపత్రిక అది. రంగు చూడు, మడత దగ్గర గోధుమ రంగుకు తిరిగింది. ఆ కాగితంలోనే ఆమ్లం పుడుతుంది, మడత ఎక్కడుంటే అక్కడ విరుగుతుంది. ఉన్నపళంగా విప్పితే చేతిలో పొడి మిగులుతుంది. లోపలి మడతల్లో తేదీ ఉండొచ్చు, ఆ చెరిగిన అక్షరానికి జంట ఉండొచ్చు, ఏదైనా పేరు రాసి ఉండొచ్చు. నీకు వెండి మీద ధ్యాస, కాబట్టి కాగితం నీ కళ్లకు తొక్కలాగా కనిపిస్తోంది. నాకు కాగితమే అసలుది.

తమ్ముడు: మంచిది, నీ నోటి నుంచే వచ్చింది. పేరు రాసి ఉండొచ్చు అన్నావు. అయితే ఇది విను. ఈ రూపాయలు జేజినాయనవే అని నీకెవరు చెప్పారు? ఆయన గనిలో మేస్త్రీ. కూలీలకు డబ్బులు పంచేవాడు. ఊళ్లో చాలామంది ఆయన దగ్గర ఇల్లడ పెట్టుకునేవాళ్లని అవ్వ చెప్పేది. బ్యాంకుకు పోయే అలవాటు లేని రోజులు. ఒక ముసలమ్మ తన 25 రూపాయలు తెచ్చి, ‘మేస్త్రీ, నీ దగ్గరుండనీ’ అని ఇచ్చి ఉంటే? ఆ అక్షరం ఆమె పేరు మొదటిదైతే? అప్పుడు నువ్వు దాచుకుంటున్నది మన జేజినాయన గుర్తు కాదు, ఇంకొకరి సొమ్ము. ఎవరిదో తెలియాలంటే విప్పాలి.

అక్క: ఈ మాట నేను అనుకోలేదు.

తమ్ముడు: అనుకో.

అక్క: అనుకుంటున్నా. అది నిజమైతే నా వాదనంతా పక్కకు పోవాలి. ఇల్లడ ఇల్లడే, పెట్టినామె పోయినా ఆమె మనుమలకైనా చెందాలి. కానీ అది ఎంతవరకు నిజమో విప్పితే కూడా తెలుస్తుందన్న గ్యారంటీ లేదు. లోపల పేరు లేకపోతే? విప్పేసి ఉంటాం, తెలిసిందేమీ ఉండదు.

తమ్ముడు: అయినా అడిగి చూశామన్న తృప్తి ఉంటుంది. విప్పకపోతే అడగను కూడా అడగలేదని అర్థం.

అక్క: సరే, ఇంకో వైపు నుంచి చూడు. ఇది ఎప్పుడు కట్టిందనుకుంటున్నావు?

తమ్ముడు: యుద్ధకాలంలో. 1940లో జనం భయపడి వెండి రూపాయలు దాచుకోవడం మొదలుపెట్టారు. దొరలకు బిళ్లలు చాలలేదు. అవసరానికి మించి నాణేలు పోగేసుకోవడం నేరమని ఆ ఏడాదే ఉత్తర్వు వచ్చింది. ఒక రూపాయి నోటు అంతకుముందు 1917లో వచ్చి 1926లో ఆగిపోయింది, మళ్లీ 1940లో దింపారు. ఆ తర్వాత పాత వెండి రూపాయలు చెల్లవు, గడువులోపల ఇచ్చి మార్చుకోండని చెప్పారు.

అక్క: అయితే ఆయన మార్చుకోలేదు. పట్టుబడితే ఏమవుతుందో తెలిసి కూడా కట్టి పెట్టెలో వేశాడు. ఆ తర్వాత 1952 కరువొచ్చింది. రాయలసీమలో ఊరూరా గంజి కేంద్రాలు పెట్టిన కరువది. ఈ పొట్లం అప్పటికి ఇంట్లో ఉంటే, ఆ కరువులో కూడా విప్పలేదు. 1957 ఏప్రిల్ 1న అణాలు పోయి నయా పైసలొచ్చాయి, అప్పుడూ విప్పలేదు. ఆకలి వేళ విప్పనిదాన్ని, కడుపు నిండినవాళ్లం మనం, 1939 ఉందేమోనని విప్పడమా? ఈ ప్రశ్న దగ్గరే నా చెయ్యి ఆగిపోతోంది.

తమ్ముడు: అదే నిజాన్ని తిప్పి చూడక్కా. ఆయన నమ్మింది వెండిని. కాగితాన్ని, పురికొసను కాదు. నోటు మీద నమ్మకం లేక, ఎప్పటికైనా పనికొస్తుందని దాచాడు. పనికి రావడమే ఆయన కోరిక. ఆ రోజు ఆయన బతికుండగా రాలేదంతే. గాజుబీరువాలో పెట్టుకుని చూడమని ఆయన ఎక్కడా చెప్పలేదు. మనం విప్పకపోతే ఆయన కోరికను పక్కనబెట్టి మన బెంగకు పూజ చేసినట్టు. ఇంకోటి, ఆయన మర్చిపోయి ఉండొచ్చు. అది కూడా మనుషులు చేసే పనే.

అక్క: మర్చిపోయి ఉండొచ్చు. అది నేను కాదనలేను.

తమ్ముడు: నువ్వు ప్రతి ఏడూ పిల్లల్ని మన ఊరి పక్కనున్న బిల్లసర్గం గుహలకు తీసుకుపోతావు కదా. అక్కడ వాళ్లకేం చెప్తావు? ఎవరూ తవ్వకుండా ఉంటే బాగుండేదని చెప్తావా?

అక్క: అంత సులువుగా చెప్పలేను. ఆ గవులను న్యూబోల్డ్ దొర 1840లలో చూసి రాశాడు. 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ వచ్చి తవ్వారు. 1863లో మద్రాసు పక్కన పల్లావరంలో రాతిగొడ్డలి గుర్తుపట్టినాయన ఆ తండ్రే. బిల్లసర్గంలో ఎన్నో జంతువుల ఎముకలు, చెక్కిన ఎముక పనిముట్లు దొరికాయన్నారు. కానీ అప్పటికి మట్టి వయసు చెప్పే పద్ధతే లేదు. రేడియోకార్బన్ వచ్చింది 1940ల చివర్లో. కాబట్టి ఆ ఎముకలు ఏ కాలానివో తేల్చలేకపోయారు. అవి నిజంగా మనిషి చెక్కినవేనా అని కూడా చాలాకాలం సందేహపడ్డారు. 1970లలో ఎం.ఎల్.కె. మూర్తి ముచ్చట్ల చింతమాను గవిలో తవ్వి అలాంటివే తీశాకే ఆ సందేహం తగ్గింది. తొందరపడి విప్పితే జరిగేది ఇదే. దొరికినా అర్థం చేసుకునే సాధనం చేతిలో ఉండదు.

తమ్ముడు: కథ అక్కడితో ఆగిందా? తర్వాత మళ్లీ తవ్వలేదా?

అక్క: తవ్వారు. అదీ చెప్తా. ఫుట్ తండ్రీకొడుకులు గవుల్ని మొత్తం ఖాళీ చేయలేదు. మిగిలిన మట్టిని ఈ మధ్యకాలంలో పొర పొరగా తీసి, కాలాలు కట్టారు. 2014లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. దగ్గర దగ్గర 2 లక్షల ఏళ్లలో అక్కడ తిరిగిన 21 రకాల క్షీరదాల్లో 20 ఇప్పటికీ మన ఉపఖండంలో ఎక్కడో ఒకచోట బతికే ఉన్నాయట. చాలా ఖండాల్లో పెద్ద జంతువులు వరసపెట్టి అంతరించిపోతే మన దగ్గర మాత్రం నిలబడ్డాయి. మన ఊరి పక్క గవి చెప్పిన మాట అది. ఫుట్ మొత్తం తవ్వేసి ఉంటే ఆ మాట మనకు దొరికేది కాదు. నాకు ఆ మిగిలిన మట్టి మీద ఉన్న గౌరవం ఇంకదేని మీదా లేదు.

తమ్ముడు: ఒప్పుకుంటా, మిగల్చడం గొప్పదే. కానీ మిగల్చడం అన్నది సగం తవ్వినవాడికే సాధ్యం. ఫుట్ తవ్వకపోయుంటే ఆ గవిలో ఏదో ఉందని తర్వాతివాళ్లకు తెలిసేదే కాదు. దాని పక్కనే జ్వాలాపురం చూడు. 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలో తోబా అగ్నిపర్వతం పేలి, దాని బూడిద ఇంత దూరమొచ్చి జుర్రేరు లోయలో పడింది. ఆ బూడిద కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయని 2007లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అంతటి ఉత్పాతాన్ని కూడా మనుషులు తట్టుకున్నారేమోనని లోకమంతా మన లోయ గురించి మాట్లాడింది. ఆ బూడిదను మనవాళ్లేం చేశారు? తోముకునే పొడికి పనికొస్తుందని తవ్వి బస్తాలకెత్తారు. వాళ్లని తప్పుపట్టను, కూలి దొరికింది. కానీ చదివే మనిషి రాకపోతే ఎత్తుకుపోయే మనిషి వస్తాడు. ఏదీ ఎవరి కోసమూ అట్లాగే ఉండిపోదు.

అక్క: ఇది నన్ను బాగా తాకింది.

తమ్ముడు: ఇంకా ఉంది. నువ్వు పోయాక, నేను పోయాక, ఈ పొట్లం ఎవరి చేతిలో పడుతుంది? పిల్లలకు జేజినాయన అంటే గోడ మీది ఫొటో. ఎవడో ఒకడు నంద్యాలలోనో ప్రొద్దుటూరులోనో అంగడికి తీసుకుపోతాడు. అక్కడ లక్క చూడరు, కాగితం చూడరు, ఏడాది కూడా చూడరు. త్రాసులో వేసి, వెండి ధర కట్టి, కరిగించేస్తారు. లేదా ఇంట్లోనే ఎవరో మంచి మనసుతో చింతపండు పెట్టి తోమేస్తారు, తళతళలాడుతుంది, నాణెం మాత్రం పాడైపోతుంది. నువ్వు కాపాడుతున్నదేమీ లేదక్కా, ఆ పనిని ఇంకొకరికి వదిలేస్తున్నావు. అది కూడా తెలియనివాళ్లకి.

అక్క: అందుకే రాసి పెడదామంటున్నా. పెట్టెలోనే ఒక కాగితం మీద ఎవరు కట్టారు, ఎప్పుడు దొరికింది, ఎంత తూగింది అని.

తమ్ముడు: రాసి పెడితే మొదటి లైనే కొంప ముంచుతుంది. ‘ఎవరూ విప్పలేదు’ అని రాసిన ప్రతిదాన్నీ ఈ సీమలో ఎవరో ఒకరు విప్పుతారు. గుళ్లల్లో, కోటల్లో గుప్తనిధుల కోసం రాత్రిళ్లు తవ్వినవాళ్లను చూశాం. అంతెందుకు, 2017 డిసెంబరులో తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో ప్రభుత్వం వారే ముందుండి నిధి కోసం తవ్వించారు. ఇటుకలు, ఎముకలు దొరికాయి, నిధి దొరకలేదు. మూసి ఉన్నదాని మీద పుట్టే ఆశే ఎక్కువ ప్రమాదం. తెరిచేస్తే ఆశ చస్తుంది, వస్తువు బతుకుతుంది.

అక్క: తిరువనంతపురంలో పద్మనాభస్వామి గుడిలో ఒక గదిని ఇంకా తెరవలేదు కదా. 2011లో మిగతావి తెరిచారు, ప్రపంచమంతా నోరు తెరిచింది. ఆ ఒక్క గది మాత్రం 2020 జులైలో సుప్రీంకోర్టు కూడా తెరవమనలేదు, కమిటీకే వదిలేసింది. ఆ గదికేమీ ప్రమాదం రాలేదే?

తమ్ముడు: ఆ గది సంగతి నువ్వు సగమే చెప్పావు. సుప్రీంకోర్టు పంపిన వినోద్ రాయ్ 2014లో ఇచ్చిన నివేదికలో 1990 తర్వాత ఆ గదిని కనీసం ఏడుసార్లు తెరిచారని రాశాడు. ఎవరూ తెరవలేదని అందరూ నమ్మినదాన్ని ఎవరో తెరుస్తూనే ఉన్నారు, లెక్క మాత్రం మనకు లేదు. పూరీ చూడు. జగన్నాథుడి రత్నభండారాన్ని 2024 జులై 14న, దశాబ్దాల తర్వాత తెరిచారు. లోపలి గది తాళాలకు తాళంచెవులు పనిచేయక పగలగొట్టాల్సి వచ్చింది. ఇన్నాళ్లు మూసిపెట్టడం వల్ల పెరిగింది అనుమానమొక్కటే. మూసి ఉంచడం అంటే కాపాడడమని మనం అనుకుంటాం. లెక్క రాసి తెరవడమే కాపాడడమని నేనంటా.

అక్క: దేవుడి సొమ్ముకు లెక్క కావాలి, అది ఊరందరిదీ. దీన్నీ దాన్నీ కలపొద్దు. ఇది మన ఇంటిది.

తమ్ముడు: మనదో కాదో తెలియదని ఇందాకే ఒప్పుకున్నావు.

అక్క: ఒప్పుకున్నా. ఇంకో దారి చెప్తా, విను. విప్పకుండా చదవొచ్చు. ఇటలీలో వెసూవియస్ పేలి క్రీ.శ. 79లో మాడిపోయిన గ్రంథపు చుట్టలు హెర్క్యులేనియంలో దొరికాయి. దొరికిన కొత్తల్లో ఆత్రంతో కత్తితో చీల్చి, లాగి విప్పి ఎన్నింటినో నాశనం చేశారు. విప్పకుండా వదిలినవాటిని ఇప్పుడు ఎక్స్‌రే స్కాన్లతో, కంప్యూటర్లతో లోపలే చదువుతున్నారు. ఆగినవాళ్లకు దక్కింది, ఆగనివాళ్లకు బూడిద దక్కింది.

తమ్ముడు: అవి బొగ్గయిన కాగితాలు. ఇవి పేర్చిన వెండి బిళ్లలు. అంత దళసరి వెండిలోంచి ఎక్స్‌రే దూరడమే కష్టం. అయినా బేతంచెర్లలో ఉన్న ఒక పొట్లానికి ఆ యంత్రం ఎవరు తెస్తారు? ఏ లోకంలోనో ఉన్న సాధనం పేరు చెప్పి మన వాయిదాను పొడిగించుకుంటున్నాం. ఈలోపు ఆ కాగితంలో ఆమ్లం పని చేస్తూనే ఉంటుంది. సగం వెండి బిళ్లల్లో రాగి ఉంది, చెమ్మ తగిలితే పచ్చటి చిలుమెక్కి కాగితానికి అతుక్కుంటుంది. అప్పుడు నీ కాగితమూ పోతుంది, నా బిళ్లలూ పోతాయి. మూసి ఉంటే అట్లాగే ఉంటుందన్న నమ్మకం తప్పు.

అక్క: కాగితం గురించి నువ్వు మాట్లాడ్డం ఇదే మొదలు. అది ఒప్పుకోవాల్సిన మాట. సరే, నేనూ ఒక మెట్టు దిగుతా. విప్పే పక్షంలో ముందు కాగితం పని తెలిసినవాళ్ల చేత, నెమ్మదిగా చెమ్మ పట్టించి, మడత విరగకుండా విప్పించాలి. లక్క పగలగొట్టకూడదు, అరిగిన కొస వైపు నుంచే తీయాలి. నువ్వు చెప్పినట్టు ఒక్కో బిళ్లకు నంబరు. చింతపండు కాదు, గుడ్డతో కూడా తుడవకూడదు. లోపల పేరుంటే ఆ ఇంటివాళ్లను వెతకాలి.

తమ్ముడు: అన్నిటికీ సరే. ఖర్చు నాది.

అక్క: ఇంకొకటి. విడగొట్టకూడదు. ఇప్పుడు ఇది ఒక్కటి. పొట్లంగా ఉన్నంతకాలం మన ముగ్గురిదీ. విప్పిన మరుక్షణం ఇది 25 ముక్కలు. నీకు, నాకు, హైదరాబాదులో ఉన్న చెల్లెలికి వాటా పంచితే ఎనిమిదేసి పోను ఒకటి మిగులుతుంది. ఆ మిగిలినదే 1939 అయితే? నువ్వు ఇంతసేపూ తెలుసుకోవడం గురించి మాట్లాడావు, నేను పోగొట్టుకోవడం గురించి మాట్లాడాను. నాకు అసలు భయం కాగితం కూడా కాదు. ఇంతకాలం పొలానికి కొట్లాడుకోలేదు, ఇంటికి కొట్లాడుకోలేదు. ఒక్క బిళ్లకు కొట్లాడుకుంటామేమో అని.

తమ్ముడు: నేను కొట్లాడను.

అక్క: నువ్వు కొట్లాడవు. నీ కొడుకు? నా అల్లుడు? అందుకే మాటివ్వు, ఏది బయటపడ్డా 25 కలిపే ఉంటాయని, ఒక్కటి కూడా అమ్మబోమని.

తమ్ముడు: నా వాటా వరకు ఇస్తా. చెల్లెలి తరఫున నేనెట్లా మాటిస్తానక్కా? వాళ్లాయన ఉద్యోగం పోయి ఎనిమిది నెలలు. పిల్ల ఫీజు కట్టాలి. దానికి అవసరముంది. జేజినాయన ఎవరి అవసరానికి దాచాడో మనకు తెలియదు, దీని అవసరానికే దాచాడేమో. కరువులో విప్పలేదని నువ్వన్నావు, ఇప్పుడు ఆ ఇంట్లో ఉన్నది కరువు కాదా?

అక్క: అవసరమైతే నేను డబ్బిస్తా. ఈ పొట్లం ముట్టుకోకుండానే ఇస్తా.

తమ్ముడు: నువ్విస్తే అది నీకు బాకీ పడుతుంది. ఇది అమ్మితే తన వాటా తను తీసుకున్నట్టు. రెండూ ఒకటి కాదు, నీకు తెలుసు.

అక్క: తెలుసు.

తమ్ముడు: అయితే మనిద్దరం తేల్చేది కాదిది. చెల్లెల్ని అడుగుదాం. విప్పమంటే విప్పుదాం, వద్దంటే పెట్టెలో పెట్టేద్దాం.

అక్క: అడుగు. కానీ 1939 సంగతి చెప్పకుండా అడుగు. అది వింటే ఆశ పడుతుంది. ఇప్పుడున్న పరిస్థితిలో ఆశపెట్టి, లోపల ఏమీ లేకపోతే ఆ పిల్ల తట్టుకోలేదు. జేజినాయన కట్టిన పొట్లం దొరికింది, పాత రూపాయలున్నాయి, విప్పమంటావా వద్దా అని అంతే అడుగు.

తమ్ముడు: లోపల ఏముండొచ్చో నాకు తెలిసి, నీకు తెలిసి, దానికి చెప్పకుండా అడిగితే, అది అడిగినట్టేనా అక్కా?